ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత సింక్రోట్రాన్ వైపు వెళ్లాలంటే దారి ఎటు?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాదిలో ఉన్నారు. క్లాసులో సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను రింగులో వేగంగా తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) గురించి విన్నప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. అలాంటి చోట పరిశోధనో ఉద్యోగమో దొరకాలంటే విదేశాలకు పోవాల్సిందేనా, ఇక్కడే ఏమైనా ఉందా అని. నేను కెమిస్ట్రీదాన్ని. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఇండోర్ వెళ్లి మొదటిసారి బీమ్ (ఆ యంత్రం ఇచ్చే కిరణం) వాడుకున్నాను. తర్వాత ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పోస్ట్‌డాక్ చేశాను. ఇప్పుడు యూరప్‌లోనే ఇంకోచోట ఒక బీమ్‌లైన్‌లో ఉద్యోగం.

ముందు సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పీహెచ్‌డీ అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు అన్నీ కాసేపు పక్కన పెట్టి, ఈ ఏడాదిలోగా ఎవరి బీమ్‌టైమ్‌కైనా (ఆ కిరణం వాడుకోవడానికి ఇచ్చే సమయం) వెంట వెళ్లి రెండు రాత్రులు మేలుకోండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. పుస్తకాల్లో తేలదు.

మన దేశంలో సింక్రోట్రాన్ ఉన్నది ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో. పాత పేరు క్యాట్. ఊళ్లో ఆ దారిని ఇప్పటికీ క్యాట్ రోడ్ అనే అంటారు. అక్కడ రెండు రింగులు ఉన్నాయి. చిన్నది ఇండస్-1, ఎలక్ట్రాన్ల శక్తి 450 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు). పెద్దది ఇండస్-2, 172.5 మీటర్ల చుట్టుకొలత, 2.5 జీఈవీ, అంటే 2500 ఎంఈవీ. ఎలక్ట్రాన్లను ముందు మైక్రోట్రాన్‌లో, తర్వాత బూస్టర్‌లో వేగం పెంచి 550 ఎంఈవీ దగ్గర ఇండస్-2లోకి వదులుతారు. అక్కడ 2.5 జీఈవీకి తీసుకెళ్తారు. వంపు తిరిగిన ప్రతిచోటా ఆ ఎలక్ట్రాన్లు వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగులో ఎక్స్‌రే భాగాన్ని పట్టుకొచ్చి మన శాంపిల్ మీద వేసే ఏర్పాటే బీమ్‌లైన్.

నా మొదటి ట్రిప్‌కు కోబాల్ట్ ఉన్న కెటలిస్టులు పట్టుకెళ్లాను, ఎనిమిది శాంపిళ్లు. రెండు నెలలు కష్టపడి చేసినవి. పొడిని నొక్కి బిళ్లలు చేసి, ఒక్కోదానికి లేబుల్ అంటించి, పెళ్లికి నగలు తీసుకెళ్లినట్టు రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. బీమ్‌లైన్ సైంటిస్ట్ ఒక బిళ్ల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మందం లెక్క వేశారా?" అని హిందీలో అడిగారు. లెక్కా? బిళ్ల విరగకుండా ఉండాలని బాగా దట్టంగా నొక్కాను, అంతే. అంత మందమైతే ఎక్స్‌రే అవతలికి దాటనే దాటదు. ఏ మూలకం ఎంత ఉందో చూసి, కోబాల్ట్ ఎడ్జ్ (కోబాల్ట్ ఎక్స్‌రేను ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకునే శక్తి) దగ్గర శోషణ ఎంత పెరగాలో నిర్ణయించుకుని, దాన్నిబట్టి ఎన్ని మిల్లీగ్రాములు వేయాలో ఇంట్లోనే లెక్క కట్టుకుని రావాలి. మాకు దొరికిన కొద్ది షిఫ్టుల్లో మొదటిది మొత్తం అక్కడి చిన్న గదిలో కల్వం ముందే పోయింది. బిళ్లలన్నీ మళ్లీ పొడి కొట్టి, బోరాన్ నైట్రైడ్ కలిపి, పల్చగా నొక్కాం. ఆ తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. కానీ పీహెచ్‌డీలో నేను నేర్చుకున్న వాటిలో ఎక్కువ కాలం పనికొచ్చింది ఆ ఎనిమిది గంటలే.

రాత్రి రెండింటికి అసలు స్కాన్ మొదలైంది. శాంపిల్ పెట్టి హచ్ (ఎక్స్‌రే బయటికి రాకుండా కట్టిన గది) నుంచి బయటకు వచ్చేముందు లోపల ఎవరూ లేరని చూసి సెర్చ్ బటన్ నొక్కాలి. సైరన్ మోగుతుంది, తలుపు వేయాలి, ఇంటర్‌లాక్ (భద్రతా తాళం) పడాలి. అప్పుడుగానీ షట్టర్ తెరుచుకోదు. ఒక్క అడుగు తప్పినా మళ్లీ మొదటికే. స్క్రీన్ మీద గీత కాసేపు బల్లపరుపుగా సాగింది. 7709 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచి, ఆ తర్వాత అలలు అలలుగా ఊగింది. ఆ ఊగులాటలో కోబాల్ట్ చుట్టూ ఎన్ని పరమాణువులున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి అన్న సమాచారం ఉంటుంది. అప్పటిదాకా నేను క్లాసు పాఠంగా చదివింది, నా చేతులతో చేసిన పొడిలోంచి వస్తోంది. నిద్ర ఎగిరిపోయింది. నాలుగో స్కాన్ మధ్యలో కంట్రోల్ రూమ్ నుంచి కబురు: బీమ్ పోయింది. రింగులో ఎలక్ట్రాన్లు మళ్లీ నింపి, ఎనర్జీ పెంచి ఇచ్చేదాకా ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చున్నాం. తెల్లారాక పోహా, జిలేబీ తిన్నాం. ఇండోర్ వెళ్లినవాళ్లెవరూ అది తినకుండా రారు.

ఇప్పుడు మీరేం చేయవచ్చో. ఇండస్ బీమ్‌టైమ్‌కు యూనివర్సిటీ వాళ్లు ప్రపోజల్ పంపితే, అది నచ్చి ఎంపిక చేస్తే, డబ్బు కట్టనక్కర్లేదు. అదే ఊళ్లో యూజీసీ-డీఏఈ కన్సార్టియం ఫర్ సైంటిఫిక్ రీసెర్చ్ అని ఒక సంస్థ ఉంది. యూనివర్సిటీల వాళ్లు ఈ పెద్ద యంత్రాలు వాడుకోవాలనే పెట్టారు. ఇండస్ రింగుల మీద వాళ్లకు సొంత బీమ్‌లైన్లు కూడా ఉన్నాయి. మీ పేరు మీద ప్రపోజల్ వేయాలని లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో గానీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్ లాంటి చోట్ల గానీ ఎవరైనా ఇండోర్ వెళ్తున్నారేమో కనుక్కోండి. రాత్రి షిఫ్టుకు మేలుకునే మనిషి దొరికితే ఏ గైడూ వద్దనరు. ఇది నిజం. బీమ్‌టైమ్‌లో ఎప్పుడూ కొరతగా ఉండేది నిద్రపోని మనుషులే.

ఉద్యోగం కావాలంటే ఇండోర్ సెంటర్‌లోకి ప్రధాన ద్వారం బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్. గేట్ స్కోరుతో గానీ వాళ్ల ఆన్‌లైన్ పరీక్షతో గానీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఏడాది శిక్షణ, తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్. జనరల్ కేటగిరీకి వయసు పరిమితి 26 ఏళ్లు, కాబట్టి "పీహెచ్‌డీ అయ్యాక చూద్దాం" అంటే ఈ తలుపు మూసుకుపోతుంది. చేరాక మూడేళ్లు పని చేస్తానని బాండ్ రాయాలి. పీహెచ్‌డీయే ముందు కావాలంటే జెస్ట్, నెట్ లాంటివి రాసి అక్కడే హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద చేరవచ్చు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మనిషికి ఇది సహజమైన దారి. నాకు అప్పట్లో ఇవేవీ తెలియవు. తెలిసేసరికి వయసు దాటింది.

ఇక విదేశాల సంగతి. ఇక్కడ చాలామందికి తెలియనిది ఏంటంటే, బయట కొన్నిచోట్ల మన దేశం డబ్బు పెట్టి బీమ్‌టైమ్ కొనుక్కుంది. ఇటలీలో ట్రీస్టేలోని ఎలెట్రా సింక్రోట్రాన్‌లో రెండు బీమ్‌లైన్లు మన భాగస్వామ్యంతో కట్టినవే, బెంగళూరు ఐఐఎస్సీ చూసుకుంటుంది. జర్మనీలో హాంబర్గ్‌లోని డెసీ పరిశోధన కేంద్రంలో పెట్రా-3 రింగుకు బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ద్వారా వెళ్లినవాళ్లు ఉన్నారు. జపాన్‌లో సుకుబాలోని ఫోటాన్ ఫ్యాక్టరీలో ఇండియన్ బీమ్‌లైన్ అని ఒకటి కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ కట్టింది. ఈ పథకాలు దశలవారీగా సాగుతాయి, మీరు రాసే నాటికి కాల్ (దరఖాస్తులకు పిలుపు) తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. ఇంకా చదువుతున్న పిల్లలకైతే డెసీ వేసవి కార్యక్రమం ఉంది. పీహెచ్‌డీలో చేరాక గ్రెనోబుల్‌లో ఏటా ఫిబ్రవరి-మార్చిలో జరిగే హెర్క్యులెస్ స్కూల్‌కు (ఇలాంటి యంత్రాల వాడకం నేర్పే కోర్సు) తప్పకుండా అప్లై చేయండి. నాకు తర్వాత పోస్ట్‌డాక్ వచ్చింది అక్కడ పరిచయమైన మనుషుల వల్లే.

ప్రపోజల్ గురించి ఒక మాట. విదేశంలో ఒకచోటికి నేను రాసిన మొదటి ప్రపోజల్ తిప్పికొట్టారు. ఇందులో ఉన్నది మీ ల్యాబ్‌లో ఉన్న ఎక్స్‌ఆర్‌డీతోనే (మామూలు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం) తేలిపోతుంది కదా, సింక్రోట్రాన్ ఎందుకు అని. ఆరోజు కోపం వచ్చింది గానీ, నిజానికి వాళ్లు అడిగింది సరైన ప్రశ్నే. శాంపిల్ మీద ఎన్ని పేజీలైనా రాయండి, ఈ వెలుగు లేకపోతే ఎందుకు కుదరదో మొదటి పేరాలో చెప్పకపోతే పని జరగదు. ఎంపికయ్యాక ఇంకో టెన్షన్ వీసా. వీసా ఆలస్యమై మన ప్రయాణం తేదీ మారినా బీమ్‌టైమ్ తేదీ మారదు.

గ్రెనోబుల్‌లో నేను చూసిన ఒక సంగతి మీకు పనికొస్తుంది. అక్కడి ఈఎస్‌ఆర్‌ఎఫ్ (యూరోపియన్ సింక్రోట్రాన్) వాళ్లు 2018 డిసెంబరులో 844 మీటర్ల పాత రింగును ఆపేసి, అదే సొరంగంలో కొత్త రింగు కట్టి, 2020 ఆగస్టులో యూజర్లకు తెరిచారు. ఆ 20 నెలలు బీమ్ లేక మా బోటి వాళ్లం పాత డేటా ముందేసుకుని కూర్చున్నాం. క్షణం తీరిక లేకుండా ఉన్నది మెకానికల్ ఇంజినీర్లు, వాక్యూమ్ వాళ్లు, అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా వరసలో పెట్టే సర్వే వాళ్లు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. సింక్రోట్రాన్ అనగానే మనవాళ్లు ఫిజిక్స్ పీహెచ్‌డీ అనుకుంటారు. కానీ ఇలాంటి చోట జీతం తీసుకునేవాళ్లలో సైంటిస్టులు కొందరే. మీ తమ్ముడో చెల్లో బీటెక్ చదువుతుంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి. మీరు కూడా పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టండి. కొత్త డిటెక్టర్లు కుమ్మరించే డేటాను దారిలో పెట్టగల మనిషికి ఉన్న గిరాకీ, ఒక్క టెక్నిక్‌లో పండిపోయిన మనిషికి కూడా లేదు.

బీమ్‌లైన్ సైంటిస్ట్ అంటే పరిశోధకుడే గానీ, సగం కాలం ఊరందరి పని. ఎవరో వస్తారు, శాంపిల్ పెడతారు, ఏదో మొరాయిస్తుంది, అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. వాళ్ల పేపర్‌లో మన పేరు నాలుగోదో అయిదోదో, కొన్నిసార్లు చివర్న కృతజ్ఞతల్లో. ఇది మనసుకు కష్టమనిపించేవాళ్లు యూనివర్సిటీలో ఉండి యూజర్‌గా వస్తూ పోతూ ఉండటమే మేలు. నాకైతే ఇదే ఇష్టం. ఒక వారం బ్యాటరీలు, ఒక వారం పాత చిత్రాల రంగులు, ఇంకోవారం ఎవరి పొలంలోదో మట్టి. శాశ్వత పోస్టులు మాత్రం తక్కువ. చాలావరకు రెండేళ్లు, మూడేళ్ల కాంట్రాక్టులే. ఒక కాంట్రాక్టు చివర నేను ఆరు నెలలు నిద్ర లేకుండా గడిపాను, బీమ్‌టైమ్ వల్ల కాదు.

బయాలజీ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు దారి ఇంకా సుళువు. ప్రొటీన్ స్ఫటికాలను ద్రవ నైట్రోజన్‌లో పెట్టి కొరియర్‌లో పంపించి, మన ఊళ్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని డేటా తీసుకోవడం ఇప్పుడు మామూలే. 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్ నోబెల్ పంచుకున్న రైబోజోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగం) పని కూడా సింక్రోట్రాన్ ఎక్స్‌రేల మీద నడిచిందే.

మా నాన్న మాత్రం ఇప్పటికీ నేను ఎక్స్‌రే తీసే చోట పని చేస్తానని ఊళ్లో చెబుతారు. పోయిన సంక్రాంతికి పక్కింటి మామయ్య మోకాలి ఫిల్మ్ పట్టుకుని వచ్చేశాడు. కాసేపు వెలుగుకు ఎత్తి చూసి, డాక్టర్ చెప్పినట్టే చేయమన్నాను.

మీ ప్రాజెక్ట్ శాంపిల్ ఏంటో, అందులో ఏ మూలకం చూడాలో, అది ఎంత శాతం ఉందో కింద రాయండి. బిళ్ల ఎన్ని మిల్లీగ్రాములు ఉండాలో లెక్క వేసి చూపిస్తాను. ఎవరి వెంట వెళ్లినా, కనీసం ఆ లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి.