మైమ్ చేసేవాళ్లు హారర్ సినిమాకి పనికొస్తారా?

స్టేజీ మీద మైమ్ (మాటల్లేకుండా ఒంటి కదలికలతోనే చేసే నటన) చేస్తాను, దెయ్యం షార్ట్ ఫిల్మ్‌లో వేషం వచ్చింది, ఒప్పుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా ఒప్పుకోండి. కాకపోతే అన్ని సీన్లూ మనకి ఒకేలా కలిసిరావు.

మాది విజయనగరం. కొన్నేళ్ల కిందట గజపతినగరం వైపు మూతపడ్డ రైసు మిల్లులో తీసిన షార్ట్ ఫిల్మ్‌లో చేశాను. బతికుండగా భయపడే వాచ్‌మన్, చచ్చాక లేచే శవం, రెండూ నేనే.

మొదటి రోజు తలుపు దగ్గర భయపడే షాట్. హాల్లో చివరి వరస వాళ్లకి కూడా తెలియాలని నేర్చుకున్న భయమే అక్కడా చేశాను. మానిటర్‌లో చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. భయం అంటే ఏమిటో పిల్లలకి విడమరిచి చెబుతున్నట్టుంది. స్టేజీ మీద నా అరచెయ్యి ఆనితేనే అక్కడ తలుపు పుడుతుంది. మిల్లులో నిజం తలుపే ఉంది, తుప్పు పట్టిన గడియతో సహా. "అన్నా, ఏమీ చెయ్యకు, గడియకేసి చూడు చాలు" అన్నాడు డైరెక్టర్. ఏడో టేక్‌కి కుదిరింది.

రెండో రోజు శవం లేవాలి. గోనెసంచుల మీద పడుకున్నాను. ముందు కుడి మణికట్టు ఒక్కటే, ఎవరో దారం కట్టి లాగినట్టు లేచింది. తర్వాత మోచెయ్యి. భుజంలో ఇంకా చలనం లేదు. తల అన్నిటికంటే ఆఖర్న. లైటు పట్టుకున్న కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక అవయవం కదులుతుంటే మిగతా ఒళ్లంతా రాయిలా ఉంచడం మనం ఏళ్ల తరబడి చేసే సాధనే కదా!

ఈ ఎగుడుదిగుడు ఫ్రాన్స్ మైమ్ మహానటుడు మార్సెల్ మార్సోకి కూడా తప్పలేదు. విలియం కాసిల్ తీసిన 'షాంక్స్' (1974) అనే హారర్ సినిమాలో ఆయన రెండు వేషాలు వేశారు. ఒకటి మూగ, చెవిటి బొమ్మలాటగాడు, రెండోది శవాల్ని కదిలించే పద్ధతి కనిపెట్టిన ముసలాయన. ఆ ముసలాయన పోయాక అతని శవాన్నే బొమ్మలాటగాడు ఆడిస్తాడు. ఆ కదలికలకి ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో మోటారుసైకిళ్ల ముఠా వచ్చిపడ్డాక మాత్రం సినిమా పట్టు జారిందనిపించింది నాకు.

మన కదలికల బలం ఒళ్లంతా ఒకేసారి కనిపిస్తేనే తెలుస్తుంది, అందుకే శవం సీన్లు దూరం నుంచి, మధ్యలో కట్ లేకుండా తీయమని ముందే అడగండి. నేను అడగలేదు. ఎడిటింగ్‌లో ముక్కలు చేసేశారు. ఆ మణికట్టు లేచిన షాట్ రెండు సెకన్లు కూడా మిగల్లేదు, ఆ బాధ నాకింకా ఉంది.