కారెక్కితే పాపకు వాంతులు.. నేనొక్కడినే ఎలా తీసుకెళ్లేది?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. కారెక్కిన అరగంటకే కడుపులో తిప్పుతోందంటుంది, కాసేపటికి వాంతి చేసుకుంటుంది. ఇప్పటిదాకా ఎక్కడికి వెళ్లినా వాళ్లమ్మ పక్కన కూర్చుని చూసుకునేది. వచ్చే నెల మొదటిసారి నేనూ పాపా ఇద్దరమే వెళ్తున్నాం. ఐదారు గంటల ప్రయాణం, డ్రైవింగ్ నాదే. ఏమీ తినిపించకుండా బయల్దేరితే మంచిదా? నేను వేసుకునే వాంతుల మాత్రలో సగం ఇవ్వొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వద్దు. ఖాళీ కడుపుతో బయల్దేరితే వికారం ఇంకా పెరగొచ్చు. పెద్దల మాత్రను సగం చేసినంత మాత్రాన అది పిల్లల డోసు అయిపోదు. అలాగని ప్రయాణం మానుకోనక్కర్లేదు.

మీ పాప ఇబ్బంది కడుపులో మొదలయ్యేది కాదు. కారు కుదుపుల్నీ మలుపుల్నీ లోపలి చెవి గుర్తుపట్టి, కదులుతున్నామని మెదడుకు చెబుతుంది. వెనక సీట్లో కూర్చున్న పిల్లకు కనిపించేదేమో ముందు సీటు వీపు, లేదా చేతిలోని ఫోను. అవి కదలవు. చెవి చెప్పేదీ కన్ను చెప్పేదీ పొసగకపోవడంతో వికారం పుడుతుంది. రెండేళ్లలోపు పిల్లల్లో ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువగా ఉండి, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. కారు నడిపేవాళ్లకు మాత్రం సాధారణంగా రాదు. మలుపెక్కడో, బ్రేక్ ఎప్పుడు వేస్తారో వాళ్లకు ముందే తెలుసు కదా!

అందుకే మొదట చూడాల్సింది సీటు. ముందు సీటులో అయితే రోడ్డు బాగా కనిపిస్తుందని కొందరు పిల్లల్ని అక్కడ కూర్చోబెడతారు. ఆరేళ్ల పిల్లకు అది సురక్షితం కాదు, వెనకే కూర్చోవాలి. కారు సీటు మీద పెట్టే పిల్లల ఎత్తు సీటు, అంటే బూస్టర్ సీటు వేస్తే బెల్టు సరైన చోట పడుతుంది, ఎత్తు పెరిగి బయటికీ చూడగలుగుతుంది. వెనక మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండి, బూస్టర్ అక్కడ గట్టిగా అమరితే ఆ చోటు ఇంకా మంచిది. ముందు అద్దంలోంచి దూరంగా ఉన్న రోడ్డు కనిపిస్తుంది. పక్క కిటికీలోంచి వెనక్కి పరుగెత్తే చెట్లను చూడటం కంటే అదే మేలు.

ఫోను, బొమ్మల పుస్తకం కారు కదులుతున్నంతసేపూ ఇవ్వకండి. పిల్ల అల్లరి చేయకుండా ఉంటుందని ఫోను చేతికిచ్చి, గంట తర్వాత సీటు కడుక్కునే తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. దానికి బదులు కథ చెప్పండి, పాటలు పెట్టండి. 'ఇప్పుడు ఎడమకి తిరుగుతున్నాం' అని మలుపుకు ముందే చెబుతుండండి. మీకున్న సౌకర్యం పాపకూ కొంత దొరుకుతుంది. 'వాంతి వస్తోందా?' అని మాత్రం మాటిమాటికీ అడక్కండి, ఆ ధ్యాసే వికారాన్ని పెంచుతుంది. సడన్ బ్రేకులు తగ్గించండి. కిటికీ కొద్దిగా తెరవండి, సెంటు, ఎయిర్ ఫ్రెషనర్ తీసేయండి. పాప మామూలుగా నిద్రపోయే వేళకు బయల్దేరడం మంచిదే, మీకు నిద్ర రానంత వరకు!

బయల్దేరడానికి గంట ముందు నూనె, కారం తక్కువున్నది కొద్దిగా పెట్టండి. దారిలో గుక్కెడు గుక్కెడు నీళ్లు చాలు.

ఇక మందు. ప్రయాణ వాంతులకు పిల్లలకిచ్చే డైమెన్‌హైడ్రినేట్ లాంటి మందులున్నాయి. పాప బరువు, ఇతర మందులు చూసి డోసు మీ పిల్లల డాక్టరే చెప్పాలి. సాధారణంగా అరగంట నుంచి గంట ముందు వేయాలి, వాంతులు మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచేయదు. వీటితో మత్తుగా ఉంటుంది. కొందరు పిల్లల్లో తిరగబడి హుషారు, చిరాకు పెరుగుతాయి. అందుకే డాక్టర్ సరేనంటే ప్రయాణానికి ముందు ఒక సెలవు రోజున ఇంట్లోనే ఒక డోసు వేసి చూడండి. విరేచనాలప్పుడు వాంతులు ఆగడానికి ఇచ్చిన ఆన్‌డాన్సెట్రాన్ సిరప్ ఇంట్లో మిగిలి ఉంటే దాన్ని నమ్ముకోవద్దు, ప్రయాణ వికారాన్ని అది అంతగా ఆపదు. మీ మాత్ర కూడా ఆ రోజు మీరు వేసుకోకండి. నిద్ర తెప్పించే రకమైతే డ్రైవింగ్‌కు ప్రమాదం.

మీ అసలు భయం పక్కన ఎవరూ లేనప్పుడు వాంతి చేసుకుంటే ఎలా అనే కదా! ఆవలింతలు, ముఖం పాలిపోవడం, చెమట, ఉన్నట్టుండి మాటలు ఆగిపోవడం ముందే కనిపించే గుర్తులు. కవరు మూతి తెరిచి నోటి దగ్గర పట్టుకోవడం ఇంట్లోనే ఆటలా నేర్పండి. మెలకువగా, నిటారుగా కూర్చున్న ఆరేళ్ల పిల్లకు వాంతితో ఊపిరాడకపోవడం చాలా అరుదు. వెనక్కి తిరిగి చూస్తూ కారు నడపడమే అంతకంటే పెద్ద ప్రమాదం. సురక్షితమైన చోటు చూసి ఆపి, అప్పుడు పాప దగ్గరికి వెళ్లండి. తడి గుడ్డ, మార్చే బట్టలు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి. వాంతయ్యాక పది నిమిషాలు ఆగి, ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి కాకపోయినా రెండు గంటలకోసారి దిగి నడిపించండి.

కారు దిగి గంటలు గడిచినా వాంతులు ఆగకపోయినా, ఆకుపచ్చగా పడినా, జ్వరం, తీవ్రమైన తలనొప్పి లేదా మగత ఉన్నా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి. ప్రయాణం లేని రోజుల్లో కూడా పొద్దున లేవగానే తలనొప్పితో వాంతి చేసుకుంటుంటే, నడకలో తూలుతుంటే బయల్దేరేముందే డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉంటే ఆ సంగతీ చెప్పండి. ప్రయాణంలో వాంతులయ్యే పిల్లల్లో కొందరికి తర్వాత అది కనిపిస్తుంటుంది.