బాడుగకు తిరిగిన బండా, ఇంట్లో వాడిన బండా?

పాత కార్ల కొనుగోలుపై తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు పంపిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతిని పలువురు అడిగినచోట, వివరంగా రాసిన ఉత్తరాన్ని ఎంచుకున్నాము.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి ఇటీవలే పదవీ విరమణ చేశాను. ఇంట్లో ఉండేది ఇద్దరమే. నెలకోసారి మదనపల్లెలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లి రావడానికి నాలుగైదు లక్షలలో ఒక కారు కొనాలనుకుంటున్నాను. తెలిసిన బ్రోకరు ఒకాయన 2018 నాటి డీజిల్ డిజైర్ చూపించారు. ఏపీ 03 నంబరు, తెల్ల బోర్డు, మీటరు అరవై రెండు వేలు, సింగిల్ ఓనర్ అంటున్నారు. ఆ కారు తిరుమల కొండకు బాడుగలు తిరిగి ఉంటుందని మా బావమరిది అనుమానం. తెలుసుకునే దారి ఉందా? డీజిల్ కారు పదేళ్లకే పనికిరాకుండా పోతుందన్నది నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: మీ బావమరిదిగారి అనుమానం కొట్టిపారేయదగినది కాదు. పసుపు బోర్డుతో తిరిగి, ఆ తరువాత సొంత వాహనంగా మార్పించుకున్న కారయితే ఆ సంగతి రవాణా శాఖ రికార్డులో దొరుకుతుంది. తెల్ల బోర్డుతోనే చాటుగా బాడుగలు తిరిగిన కారయితే ఏ కాగితంలోనూ దొరకదు. తిరుపతిలో రెండో రకం కార్లకు కొదవ లేదు. కాబట్టి కాగితాలతోపాటు బండిని కూడా చదవవలసి ఉంటుంది.

అరవై రెండు వేలన్న మీటరును చూసి నిశ్చింత పడకండి. ఎందుకో గాని మన బ్రోకర్లు చూపించే బండ్లలో చాలావాటికి మీటరు అరవై వేల దగ్గరే ఆగి ఉంటుంది. ఒకవేళ ఆ అంకె నిజమే అయినా, కొండకు తిరిగిన బండి విషయంలో కిలోమీటర్ల లెక్క పూర్తి సంగతి చెప్పదు. అలిపిరి నుంచి తిరుమలకు దూరం ఒక వైపు ఇరవై కిలోమీటర్లకు లోపే కావచ్చు. కానీ 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద అయిదుగురు మనుషులతో, సామానుతో ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేటు, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ దిగేటప్పుడు డిస్కులు, ప్యాడ్లు అరిగే తీరు మామూలు రోడ్డు మీద అంతే దూరం తిరిగిన బండితో పోల్చదగినది కాదు. అందుకే మీరు మొదట చూడవలసినవి ఆ రెండే.

ముందు చక్రం రిమ్ము సందుల్లోంచి బ్రేకు డిస్కు కనబడుతుంది. బండి ఆగి, డిస్కు పూర్తిగా చల్లారిన తరువాత, దాని అంచు మీద వేలు పెట్టి చూడండి. ప్యాడ్లు తాకే భాగం లోతుగా అరిగి, అంచు గట్టులాగా పైకి నిలిచి ఉంటే ఆ డిస్కు చాలా పని చేసిందని అర్థం. అలాగని తళతళలాడే కొత్త డిస్కులు కనబడితే సంతోషించనక్కరలేదు. అరవై వేల కిలోమీటర్లకే డిస్కులు ఎందుకు మార్చవలసి వచ్చిందని అడగాలి. క్లచ్ సంగతి నడిపితేనే తెలుస్తుంది. చంద్రగిరి వైపు హైవే మీద, రద్దీ లేని చోట, నాలుగో గేరులో నలభై కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కండి. ఇంజిన్ హోరు పెరిగినంతగా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే.

బాడుగకు తిరిగిన కారును పట్టించే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. ఇంట్లో వాడిన కారులో డ్రైవరు సీటు ఎక్కువగా నలుగుతుంది, వెనక సీటు అంతగా నలగదు. బాడుగ కారులో వెనక సీటు కూడా కుంగిపోయి ఉంటుంది. వెనక తలుపుల లోపలి పిడులు నునుపుదేరి, తలుపుల అడుగు అంచుల దగ్గర చెప్పుల రాపిడికి రంగు పోయి ఉంటుంది. కొత్త సీటు కవర్లు వేసి ఉంటే ఒక మూల ఎత్తి, అసలు సీటు ఎలా ఉందో చూడండి. పైకప్పు మీద సామాను క్యారియర్ బిగించిన ఆనవాళ్లు, బ్రేకు పెడలు రబ్బరు మీద చెరిగిపోయిన గీతలు కూడా మీటరు చెప్పిన దానికి సాక్ష్యం పలకాలి, లేదా దాన్ని అబద్ధమని తేల్చాలి.

అన్నిటికన్నా మంచి సాక్ష్యం సర్వీసు చరిత్ర. కంపెనీ సర్వీసు సెంటర్లో బండి నంబరు మీద ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ పని జరిగిందో నమోదై ఉంటుంది. ఓనరును వెంటబెట్టుకుని వెళ్లి ఆ చిట్టా తీయించండి. 2021లోనే డెబ్బై వేలు దాటిన కారు ఇప్పుడు అరవై రెండు వేలు చూపుతుంటే అక్కడితో మాట ముగించవచ్చు. ఓనరును కలవనివ్వకుండా, అంతా తానే చూసుకుంటానని బ్రోకరు అంటుంటే, నా దృష్టిలో ఆ బేరం వదులుకోదగినది. సింగిల్ ఓనర్ అన్న మాటను కూడా ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) వివరాలలోని ఓనర్ వరుస సంఖ్యతో సరిచూసుకోండి.

బండి చూడటానికి ఉదయం పూట, ముందుగా చెప్పిన వేళకంటే కాస్త ముందే వెళ్లండి. వెళ్లగానే బానెట్టు మీద చేయి వేసి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే, చల్లని ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పటి తంటాలు మీ కంట పడకుండా ముందే నడిపి ఉంచారని అనుమానించవచ్చు. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లగా ఉండటం సహజమే కాబట్టి రంగును బట్టి ఏమీ తేల్చలేము. దానికి బదులు ఇంజిన్ నడుస్తుండగా మీ మెకానిక్ చేత ఆయిల్ పోసే మూత తీయించండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తుంటే లోపల పిస్టన్ రింగులు అరిగిపోయి ఉండవచ్చు. సైలెన్సర్ నుంచి నీలిపొగ రావడం ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. మెకానిక్ మీ మనిషి అయి ఉండాలి, బ్రోకరు తీసుకొచ్చినవాడు కాకూడదు.

డీజిల్ కార్లకు పదేళ్ల పరిమితి ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించిన మాట. మన రాష్ట్రంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకుని అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అయితే నెలకొక మదనపల్లె ప్రయాణానికి డీజిల్ కారు ఎందుకన్నది నా ప్రశ్న. టర్బో, ఇంజెక్టర్లు పాడైతే అయ్యే ఖర్చు మీరు ఇంధనంలో మిగుల్చుకునే దానిని ఒక్క దెబ్బతో మింగేస్తుంది. పైగా మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడం మానేసింది కాబట్టి, మీరు చూసే ప్రతి డీజిల్ డిజైర్ అంతకు ముందుదే అవుతుంది. పెట్రోలు బండి వెతకండి. బేరమాడే ముందు అదే తరగతి కొత్త కారు ధర కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది గాని, పాత బండ్ల ధర చెప్పేటప్పుడు ఆ సంగతి కొందరికి గుర్తు రాదు.

ప్రశ్న: వేలూరులో టీఎన్ 23 నంబరు కారు ఒకటి ఇక్కడి ధర కంటే బాగా తక్కువకు వస్తున్నది. పొరుగు రాష్ట్రపు బండి కొనవచ్చా?
– వ్యాపారి, చిత్తూరు

జవాబు: కొనవచ్చు. కానీ అక్కడ చెప్పిన ధర మీకు పడే ధర కాదు. ఫారం 28 ద్వారా అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. ఇక్కడికి తెచ్చాక బండి వయసును బట్టి మన రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించుకోవాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరే వీలుంది గాని, ఆ డబ్బు చేతికి వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి. పన్ను ఎంతవుతుందో చిత్తూరు రవాణా కార్యాలయంలో ముందే కనుక్కుని, దాన్ని బండి ధరకు కలిపి చూస్తే చాలాసార్లు చవక అన్న మాట నిలబడదు. పాత నంబరుతోనే తిరుగుదామనుకుంటే, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన వాహనానికి అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతున్నది.

బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీతోపాటు ఆర్‌సీలో అప్పు నమోదును తొలగించడానికి వారు సంతకం చేసిన ఫారం 35 కూడా ఉండాలి. "అప్పు ఎప్పుడో తీరిపోయిందన్నా, కాగితం తరువాత ఇస్తాను" అన్న మాట మీద అడ్వాన్సు ఇవ్వవద్దు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి, ఆర్‌సీలోని నంబరుతో ఒక్కొక్క అక్షరం సరిపోల్చండి.

ఆ వైపు బండ్ల విషయంలో నీటమునక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నైలో 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలోనూ వరద నీరు కార్లను ముంచింది. వేలూరు నంబరు ఉన్నంత మాత్రాన బండి వేలూరులోనే ఉన్నదని అనుకోలేము. ముందు సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగండి. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి మూరెడు పట్టీ మీద బురద చార ఉంటే, ఎంత కడిగినా పోని సాక్ష్యం అది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింది గుంటలో ఎండిన ఒండ్రు, కాళ్ల కింది కార్పెట్ అడుగున ముక్క వాసన కూడా చూడండి. కారు ఎక్కగానే అత్తరు ఘాటుగా కొడితే అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోయినా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే. లోపం బయటపడకుండా ఆ దీపాన్నే పీకేసేవారు ఉన్నారు. మునిగిన కారును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దనే నా సలహా, ఎందుకంటే వైరింగు లోపాలు ఒకసారి మొదలైతే ఏ షెడ్డులోనూ పూర్తిగా తేలవు.

ప్రశ్న: రెండేళ్ల కిందట మావారి కారు అమ్మేశాము. కొన్నవారు పేరు మార్పించుకోలేదు. చలానాలు ఇప్పటికీ మాకే వస్తున్నాయి. ఏం చేయాలి?
– గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: చలానాలకంటే పెద్ద చిక్కు వేరే ఉందమ్మా. రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే యజమానిగా బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ బండికి బీమా లేని సమయంలో ప్రమాదం జరిగితే భారం మీవారి మీద పడుతుంది. అమ్మినవారు పద్నాలుగు రోజులలో, కొన్నవారు ముప్పై రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలన్నది నియమం. గడువు దాటినా సరే, అమ్మకపు కాగితం, కొన్నవారి ఆధార్ నకలు, డబ్బు ముట్టిన బ్యాంకు వివరం జతచేసి కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. కొన్నవారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. బండి ఎక్కడుందో తెలియకపోతే పోలీసు స్టేషన్‌లో కూడా తెలియజేయండి.

ప్రశ్న: కంపెనీవారి పాత కార్ల షోరూములో కొనడం మేలా, బ్రోకరు దగ్గరా? ఇన్సూరెన్సు దానంతట అదే నా పేరుకు మారుతుందా?
– ప్రైవేటు ఉద్యోగి, శ్రీసిటీ

జవాబు: మారుతివారి ట్రూ వాల్యూ వంటి షోరూములలో ధర ఎక్కువే, కానీ కాగితాల బాధ్యత వారిది, కొన్ని బండ్లకు వారంటీ కూడా ఇస్తారు. పాత వాహనాలు అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఎవరి దగ్గర కొన్నా అది ఉందో లేదో అడగండి. తెలిసిన కుటుంబం నుంచి నేరుగా దొరికితే ఈ రెండింటికన్నా మేలు.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ భాగం, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించినది, కొత్త యజమానికి వర్తిస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి పరిహారం కావాలంటే మాత్రం పద్నాలుగు రోజులలో పాలసీని మీ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మనిషిదే గాని బండిది కాదు. అది పాత యజమానితో వెళ్లిపోతుంది కాబట్టి ఆ తేడా మీరు కట్టవలసి వస్తుంది.

ప్రశ్న: చిన్నపిల్లలున్న ఇల్లు. భద్రత కోసం ఏ సంవత్సరం తరువాతి కారు చూడాలి?
– పాఠకుడు, పలమనేరు

జవాబు: 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అదే ఏడాది జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లలోనూ తప్పనిసరి అయినది 2022 నుంచి. అంతకు ముందువి కొనకూడదని కాదు. చవకరకం మోడళ్లలో ఇవి ఉండకపోవచ్చు గనుక చూసి కొనాలి. పెట్రోలు కారయితే, 2023 ఏప్రిల్ తరువాత తయారైనవి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అనువైనవి. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గవచ్చు, ఇంధన మార్గంలోని రబ్బరు పైపులు ముందుగా మార్చవలసి రావచ్చు. మొగిలి ఘాటు మీదుగా పిల్లలను తీసుకెళ్లే బండి కాబట్టి టైర్ల వయసు కూడా చూడండి. టైరు పక్క భాగం మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. గీతలు ఎంత లోతుగా కనబడుతున్నా ఆరేళ్లు దాటిన టైర్లకు మార్పిడి ఖర్చును బేరంలో తగ్గించి అడగండి.