టెస్టులో ఇంట్రోవర్ట్ అని వస్తే సంతోషంగా ఉండలేమా?

మీ ప్రశ్న ఇదీ: ఆన్‌లైన్‌లో వ్యక్తిత్వ పరీక్ష రాస్తే ఇంట్రోవర్ట్ (నలుగురిలో ఎక్కువసేపు ఉంటే అలసిపోయే మనిషి) అని వచ్చింది. చేసేదేమో రోజంతా కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. ఎక్స్‌ట్రావర్టులే, అంటే కలుపుగోలు మనుషులే సంతోషంగా ఉంటారని చదివారు కాబట్టి, స్వభావం మార్చుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండి. ఎందుకో నా సంగతి కూడా కలిపి చెప్తాను.

మీరు చదివింది గాలి మాట కాదు. 1980లో కోస్టా, మెక్‌క్రే అనే అమెరికన్ పరిశోధకులు కలుపుగోలు మనుషుల్లో ఉల్లాసం ఎక్కువనీ, తేలిగ్గా ఆందోళన పడేవాళ్లలో దిగులు ఎక్కువనీ చూపించారు. తర్వాతి పరిశోధనల్లోనూ అదే తేలింది. కానీ అది సగటు లెక్క. అందులో మీరు ఎక్కడున్నారో ఆ లెక్క చెప్పదు.

నాకు దారి చూపించింది బ్రయన్ లిటిల్ అనే కెనడా సైకాలజిస్టు. కార్ల్‌టన్, హార్వర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల్లో పనిచేశారు. నీది ఏ రకం స్వభావం అని అడిగి ఆయన ఊరుకోరు, ఈ మధ్య ఏ పనుల కోసం తాపత్రయపడుతున్నావు అని కూడా అడుగుతారు. వాటినే పర్సనల్ ప్రాజెక్ట్స్ అన్నారు.

నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో 16 ఏళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. క్లాసులో చూసినవాళ్లెవరూ నేను మితభాషినంటే నమ్మరు. తరంగాల పాఠం వచ్చిందంటే తాడు ఒక కొస చివరి బెంచీ పిల్లాడికిచ్చి, రెండో కొస నేను పట్టుకుని ఊపుతూ గది అదిరేలా చెప్తాను. అంతా నిజంగా ఇష్టంతోనే. కానీ నాలుగో పీరియడ్ అయ్యేసరికి ఎవరైనా ‘మేడమ్’ అని పిలిస్తే చాలు, ఏడుపొచ్చేది. స్టాఫ్ రూముకు వెళ్లకుండా ల్యాబ్ వెనక సామాన్ల గదిలో, అమ్మీటర్లూ శృతిదండాలూ పెట్టే అల్మరా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎవరైనా వస్తే రికార్డులు దిద్దుతున్నాననుకోవాలని చేతిలో ఎర్ర పెన్ను. దాని మూత తీసేదాన్ని కాదు. నాకు పొగరని కొందరనుకున్నారు. నాలో ఏదో లోపం ఉందని నేననుకున్నాను.

లిటిల్ గారూ అంతేనని తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి. క్యూబెక్‌లోని సెయింట్ జాన్ మిలిటరీ కాలేజీలో ఉపన్యాసం హుషారుగా ఇచ్చి, భోజనానికి పిలిస్తే పడవలు చూడాలని చెప్పి నది ఒడ్డున ఒంటరిగా నడిచేవారట. నది లేని చోట బాత్రూంలో దాక్కునేవారట! మనకు ప్రాణమైన పని కోసం మన స్వభావానికి ఎదురు వెళ్లగలం, అది నటన కాదు అంటారాయన. ఇలా పని కోసం తెచ్చుకునే గుణాలకు ఫ్రీ ట్రెయిట్స్ అని పేరు పెట్టారు. అయితే ఎక్కువ కాలం అలాగే ఉంటే అలసిపోతాం కాబట్టి, తేరుకోవడానికి మనదైన చోటు ఒకటి ఉండాలి.

మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగం కూడా చెప్పాలి. కొందరిని వారం పాటు బాగా కలుపుగోలుగా ఉండమన్నారు. మొత్తం మీద ఉల్లాసం పెరిగింది. ఇంట్రోవర్టుల్లో మాత్రం ఆ లాభం తక్కువ, పైగా అలసట, ‘ఇది నేను కాదు’ అన్న భావన. అందుకే స్వభావం మార్చుకోమనే సలహా మీకు పనికిరాదంటున్నాను.

లిటిల్ పద్ధతిలో నేను చేసి చూసింది ఇదీ. పాత ప్రశ్నపత్రం వెనక నా తాపత్రయాలన్నీ రాశాను. సగటున ఒక్కొక్కరికి 15 దాకా ఉంటాయంటారు, నావి 17 తేలాయి. ఒక్కోదానికీ అర్థం ఎంత (అంటే అది నాకెంత విలువైనది), టెన్షన్ ఎంత, నా చేతిలో ఎంత ఉంది, తోడు ఎవరున్నారు అని 10కి మార్కులు వేసుకున్నాను. పని గొప్పదైతే సరిపోదు, మనం మోయగలిగేదిగా ఉండాలి, అయినవాళ్ల అండ ఉండాలి అన్నది ఆయన పరిశోధనలో ముఖ్యమైన మాట. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పనికి అర్థం 2, టెన్షన్ 9 వచ్చింది. తర్వాతి మీటింగులోనే వదిలేశాను. పాఠాలు చెప్పడానికి అర్థం 10, తోడు 3. అక్కడ నా తప్పే కనిపించింది, ఇంతగా అలసిపోతున్నానని ఇంట్లో ఎవరికీ నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే అత్తయ్యతో అన్నాను, ‘ఇంటికి రాగానే పావుగంట మాట్లాడలేను అత్తయ్యా, కోపంతో కాదు’ అని. ‘ఇన్నాళ్లూ నా మీదే అలిగావనుకున్నానే’ అన్నారు. ఇప్పుడు నేను రాగానే టీ గ్లాసు బాల్కనీ గోడ మీద పెట్టి, తలుపు దగ్గరకు వేసి వెళ్తారు.

మీరూ ఇవాళే జాబితా రాయండి. ఉద్యోగానికి అర్థం మార్కులు బాగానే పడితే, సమస్య తేరుకునే చోటు లేకపోవడమే. అక్కడా రెండో మూడో పడితే అది ఉద్యోగం సంగతి, మీ స్వభావాన్ని నిందించకండి. దిగులు వారాల తరబడి వదలక, నిద్ర కూడా పోతుంటే డాక్టర్‌ను కలవండి, ఈ జాబితా దానికి మందు కాదు. ఈలోగా రేపు ఆఫీసులో మధ్యాహ్నం పది నిమిషాలు ఎవరూ పలకరించకుండా ఎక్కడ కూర్చోవచ్చో చూసుకోండి. మెట్ల మలుపైనా సరే.