డిసెంబరు చేపల కోటాలకు యూరోపియన్ పార్లమెంటు ఓటింగ్ ఎందుకు దొరకదు?

దొరకదు, ఎందుకంటే ఆ ఓటింగ్ జరగనే లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఏటా పట్టే చేపల పరిమితులను కమిషన్ ప్రతిపాదిస్తే మంత్రుల మండలి ఒక్కటే ఆమోదిస్తుంది. మీరు వెతికే చోటే తప్పు.

1. ఆ కోటాలను ప్రకటించే రెగ్యులేషన్ (యూనియన్ చట్టం) తెరిచి మొట్టమొదటి వాక్యం చదవండి. చాలామంది దాన్ని దాటేసి నేరుగా కోటా పట్టికలకు వెళ్తారు. అక్కడ యూనియన్ పనితీరు ఒప్పందంలోని ఏ ఆర్టికల్ ఆధారమో రాసి ఉంటుంది. 43(2) అయితే పార్లమెంటు, మండలి కలిసి చేసిన చట్టం. 2013 నాటి మత్స్య విధాన మూల చట్టం, 1380/2013, ఇలాంటిదే. 43(3) అయితే పార్లమెంటుకు పాత్ర లేదు. మీది రెండో రకం.

2. సన్నాహక పత్రాలు కోరెపర్ (మండలి సమావేశాలకు సిద్ధం చేసే, సభ్యదేశాల శాశ్వత ప్రతినిధుల కమిటీ) కింద వెతకండి. వ్యవసాయ ప్రత్యేక కమిటీలో వెతికితే సాగు విషయాలే కనిపిస్తాయి.

3. ప్రతిపాదనలో అంకె ఉండాల్సిన చోట 'పీఎం' (ప్రో మెమోరియా, అంటే తర్వాత నింపేందుకు ఉంచిన గుర్తు) అని ఉంటే అది అచ్చుతప్పు కాదు. బ్రిటన్, నార్వేలతో పంచుకునే చేపలపై చర్చలు ముగిశాకే ఆ గడి నిండుతుంది.

4. మండలిలో నెగ్గాలంటే 27 దేశాల్లో 15, జనాభాలో 65 శాతం కావాలి. అడ్డుకోవడానికి కనీసం 4 దేశాలుండాలి. కమిషన్ ఒప్పుకోని సవరణకు మాత్రం ఏకగ్రీవం తప్పనిసరి. రాత్రంతా బేరాలు సాగినా చివరికి కమిషన్ చేతనే ప్రతిపాదన మార్పించేది ఇందుకే.