రాయి, కంచు ఉండగా జ్ఞాపకాలకి గాజెందుకు?

"పగిలిపోయే గాజుతో శిల్పాలెందుకు, రాయో కంచో అయితే కలకాలం ఉంటాయి కదా" అని ఒకరు అడిగారు. నన్నడిగితే జ్ఞాపకాలకి గాజుని మించింది లేదు. సిల్వియా లెవెన్సన్ అనే శిల్పి చేసిన గాజు గౌన్ల ఫొటోలు ఒక్కసారి చూడండి.

ఆవిడ 1957లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, 1981లో ఇటలీ వెళ్లిపోయారు. 1976 నుంచి 1983 దాకా అర్జెంటీనాలో సైనిక పాలన. సైనికులు పట్టుకుపోయిన గర్భిణులు నిర్బంధంలోనే కన్న పిల్లల్ని వేరేవాళ్లకి ఇచ్చేశారు. అలా పోయిన పిల్లలు 500 మంది దాకా ఉంటారని వాళ్ల అమ్మమ్మలు, నానమ్మల అంచనా. 1977లో వాళ్లే సంఘం పెట్టి వెతకడం మొదలుపెట్టారు. ఇప్పటికి 130 మందికి పైగా దొరికారు. ఆ పిల్లల కోసమే సిల్వియా చంటిపిల్లల గౌన్లు, బూట్లు గాజుతో పోశారు.

ఇలాంటి పని గురించి రాసేవాళ్లు "గాజు సున్నితం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తుంటే ఒళ్లు మండుతుంది. కిల్న్ (గాజు కరిగించే కొలిమి) దగ్గర నిలబడితే కదా తెలిసేది!

నేను వారాంతపు క్లాసులో చేరి నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నెని గాజులో పోశాను. ముందు మైనంతో అచ్చం అలాంటి గిన్నె చేసి, దాని చుట్టూ ప్లాస్టర్ అచ్చు పోసి, మైనం కరిగించి తీసేయాలి. ఆ ఖాళీలోకి 800 డిగ్రీలు దాటిన వేడిలో గాజు కరిగి దిగుతుంది. అసలు పని చల్లార్చడం. తొందరపడితే ఒత్తిడి లోపలే ఉండిపోతుంది. పైకి బాగానే కనిపించి, నెలల తర్వాత కూడా పగలొచ్చు.

రెండు రోజులు కిల్న్ మూత తీయొద్దన్నారు. రెండో రోజు సాయంత్రం మీటరు 200 చూపిస్తుంటే ఆగలేక రెండు వేళ్ల సందు తెరిచాను. టిక్‌మని చిన్న చప్పుడు. నా గుండె జారిపోయింది. అచ్చు విప్పి చూస్తే ముక్కు దగ్గర్నుంచి అడుగుదాకా వెంట్రుకంత బీట.

ఆ రాత్రే వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. అమ్మ బీట సంగతే ఎత్తలేదు. "కాస్త తిప్పు" అంది. తిప్పాను.

"అదిగో సొట్ట. ఏడాది పిల్లప్పుడు మెట్ల మీంచి విసిరేశావు. అది కూడా వచ్చిందే!"