కరెంటు పోతే అమ్మ ఎందుకు తూలుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 68 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. బీపీ మాత్ర కూడా వేసుకుంటుంది. నిద్ర పట్టడం లేదంటే ఈమధ్యే రాత్రిపూట ఇంకో మాత్ర రాశారు. పగలు బాగానే నడిచేది. పోయిన నెల తెల్లవారుజామున కరెంటు లేనప్పుడు బాత్రూమ్‌కి వెళ్తూ తూలి పడిపోయింది. ఎముకలు విరగలేదు గానీ అప్పట్నుంచి భయపడి మంచం దిగడం లేదు, మేమూ దిగనివ్వడం లేదు. మెడికల్ షాపులో కళ్లు తిరగడానికి మాత్రలు ఇచ్చారు, ఏమీ తేడా లేదు. ఇది వయసు వల్లే అనుకుని ఊరుకోవాలా? ఇంకో సంగతి. మా బాబుకి 13 నెలలు. పట్టుకుని నిలబడతాడు, వదిలితే రెండడుగులకే పడిపోతాడు. వాకర్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు అమ్మగారిని మంచం దింపండి. మీరు ప్రేమతోనే ఆపుతున్నారని తెలుసు. కానీ నెల రోజులు నడవకపోతే తొడల్లో, పిక్కల్లో బలం తగ్గుతుంది. ఆ తర్వాత లేచిన రోజు మళ్లీ పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పక్కన ఒకరు తోడుండి, పగటి వెలుతురులో, ఇంట్లోనే రోజుకు నాలుగైదుసార్లు నడిపించండి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘కరెంటు లేనప్పుడు’ అన్నది. ఎందుకో చెబుతాను. మనం కదలకుండా నిలబడ్డాం అనుకుంటాం గానీ, నిజానికి శరీరం కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది, పిక్కల కండరాలు సర్దుతూనే ఉంటాయి. ఎటు ఒరుగుతున్నామో మెదడుకు కబురు మూడు చోట్ల నుంచి అందుతుంది. ఒకటి కళ్లు. రెండోది లోపలి చెవి. అక్కడున్న మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు తల ఎటు తిరిగిందో, రెండు చిన్న సంచులు తల ఎటు వంగిందో చెబుతాయి. మూడోది కాళ్లు, అంటే అరికాలి చర్మం, చీలమండ, కండరాలు. ఈ మూడింటిలో ఒకటి మందగిస్తే మిగతా రెండూ ఆ లోటు పూడుస్తాయి. అందుకే ఏళ్ల తరబడి మనకు ఏమీ తెలియదు.

12 ఏళ్ల షుగర్‌లో అరికాలి నరాలు దెబ్బతిని ఉండే అవకాశం బాగా ఉంది. అమ్మగారు పగలంతా కళ్ల సాయంతో నడిచేస్తూ వచ్చారు. కరెంటు పోగానే ఆ సాయం కూడా పోయింది. 19వ శతాబ్దంలో రోంబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు గమనించింది ఇదే. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటే, కాళ్ల నుంచి కబురు అందని మనిషి తూలిపోతాడు. ఆయన పేరుతోనే ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తున్నాం. ఇంట్లో మీరు చేయకండి, కానీ అమ్మగారిని ఒక మాట అడగండి. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు, తలంటు పోసుకునేటప్పుడు తూలినట్టు ఉంటోందా? గోడ కోసం చెయ్యి వెళ్తోందా? నేను షుగర్ పేషెంట్లను ఇంకోటి కూడా అడుగుతాను, ‘నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియలేదా?’ అని. ‘అవును సార్, వెనక నుంచి ఎవరో పిలిచి చెబితే చూసుకున్నా’ అనేవాళ్లు చాలామంది. కొందరైతే దూది మీద నడిచినట్టుందంటారు. అమ్మగారు కూడా అలా అంటే పాదాల నరాల పరీక్ష వాయిదా వేయకండి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడేవారిలో బి12 విటమిన్ తగ్గొచ్చు, దానివల్లా నరాలు ఇలాగే దెబ్బతింటాయి. ఆ రక్తపరీక్ష కూడా చేయించండి. అది తక్కువగా ఉంటే వైద్యం ఉంది, త్వరగా మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

ఇక ఆ మెడికల్ షాపు మాత్రల సంగతి. మన భాషలో ‘కళ్లు తిరగడం’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు బాధలు కలిసిపోతాయి. గది గిర్రున తిరిగినట్టు ఉండటం ఒకటి. మంచం మీద పక్కకు తిరిగితే కొన్ని సెకన్లు అలా తిరిగి ఆగిపోతే, చాలావరకు అది లోపలి చెవిలో సన్నని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది. డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పితే తగ్గుతుంది, నెలల తరబడి మాత్రలు మింగాల్సిన పని లేదు. రెండోది, లేచి నిలబడగానే కళ్ల ముందు చీకట్లు కమ్మడం. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 పాయింట్లు గానీ కింది అంకె 10 పాయింట్లు గానీ తగ్గితే కారణం అక్కడ ఉన్నట్టే. బీపీ మాత్ర మోతాదు, వేళ మార్చాల్సి రావచ్చు. మూడోది, తల బాగానే ఉండి కాళ్లు తడబడటం. మీరు రాసిన దాన్ని బట్టి అమ్మగారిది ఎక్కువగా ఈ మూడోదే అనిపిస్తోంది. దానికి షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర లేదు. పైగా ఆ మాత్రల్లో కొన్ని మత్తు తెచ్చి ఇంకా తూలేలా చేస్తాయి.

నిద్రమాత్ర మీద నాకు గట్టి అనుమానం ఉంది. దాని మత్తు తెల్లవారుజాముకు పూర్తిగా దిగకపోవచ్చు. మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి. అమ్మగారు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని, రాసిన డాక్టర్ ముందు పెట్టి అడగండి.

బాబు విషయానికొస్తే, వాడు అమ్మమ్మ సాధిస్తున్న లెక్కనే మొదటిసారి నేర్చుకుంటున్నాడు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకుంటాం గానీ, నా దృష్టిలో అంతకన్నా ముందు పండగ చేసుకోవాల్సింది పిల్లలు మెడ నిలిపిన రోజు. శరీరం మీద పట్టు పైనుంచి కిందికి వస్తుంది. మూడు నాలుగు నెలలకు మెడ, ఆ తర్వాత నడుము, చివరికి కాళ్లు. నిలబడటం కొత్తగా వచ్చిన పిల్లలు అన్నిటికన్నా కళ్లనే నమ్ముతారు. 1974లో ఎడిన్‌బరోలో లీ, ఆరన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, నేల కదలకుండా గోడలు, పైకప్పు మాత్రం కదిలే గదిలో ఇలాంటి పిల్లల్ని నిలబెట్టారు. ఎదుటి గోడ దగ్గరికి రాగానే, తామే ముందుకు ఒరుగుతున్నామనుకుని సర్దుకోబోయి చాలామంది వెనక్కి తూలిపోయారు. కాళ్లు, చెవి ‘మనం కదల్లేదు’ అని చెబుతున్నా వాటి మాట ఇంకా చెల్లలేదు. ఏడు నుంచి పదేళ్ల వయసుకు ఆ మూడు కబుర్లను బేరీజు వేయడం పెద్దవాళ్ల స్థాయికి దగ్గరవుతుంది. వయసు పైబడి కాళ్ల కబురు తగ్గినప్పుడు మెదడు మళ్లీ కళ్ల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మీ ఇంట్లో ఇద్దరికీ వెలుతురు అంత ముఖ్యం.

పడుతున్నాడని దిగులు వద్దు. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే అమెరికా పరిశోధకులు లెక్కపెట్టారు. గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతో సహా ఐదు దేశాల పిల్లల్ని గమనించి, ఊతం లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే అని తేల్చింది. 18 నెలలు నిండినా నడవకపోయినా, ఒక పక్క చెయ్యి కాలు తక్కువగా వాడుతున్నా, వచ్చిన నడక పోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. చక్రాల వాకర్ మాత్రం వద్దు. అందులో పిల్లలు మునివేళ్లతో తోసుకుంటూ పోతారు, బరువు మోసేది సీటు, కాబట్టి తూకం, అంటే పడకుండా నిలదొక్కుకోవడం, నేర్చుకునే పనే ఉండదు. మెట్ల దగ్గర ప్రమాదం కూడా. కెనడా 2004లోనే వీటిని నిషేధించింది. మనవాళ్లు కొనే చెక్క మూడు చక్రాల బండి నయం, దాన్ని నెట్టేటప్పుడు తన బరువు తనే మోయాలి. మీరు పక్కన ఉండి, ఉత్త కాళ్లతో నడవనివ్వండి.

ఇదే మాట అమ్మగారికీ వర్తిస్తుంది, తూకం ఏ వయసులోనైనా సాధనతో మెరుగవుతుంది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 108 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో పడటం 23 శాతం తగ్గింది. అమ్మగారిని వంటగట్టు దగ్గర నిలబెట్టండి, చేతివేళ్లు గట్టు మీదే ఉండాలి, వెనక మీరు ఉండాలి. పాదాలు దగ్గరగా పెట్టి 10 లెక్కపెట్టించండి. అది తేలికయ్యాక ఒక పాదం కొంచెం ముందుకు, వారాలు గడిచాక మడమకు బొటనవేలు తగిలేలా ఒకదాని వెనక ఒకటి. కుర్చీలోంచి వీలైనంతవరకు చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, ముందు ఐదుసార్లు, మెల్లగా పదికి. కళ్లు మూయించి ఏదీ చేయించొద్దు. ఫిజియోథెరపిస్ట్ ఒకటి రెండుసార్లు చూసి నేర్పితే ఇంకా మంచిది. కంటి శుక్లాలు కూడా పరీక్ష చేయించండి.

ఎప్పుడైనా ఉన్నట్టుండి తూలు వచ్చి, దాంతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, స్నానానికి కదలని స్టూలు ఈ వారంలో చూడండి. మంచం దిగే ముందు అంచున ఒక నిమిషం కూర్చుని పాదాలు ఆడించమనండి. కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ లైటు ఒకటి మంచం నుంచి బాత్రూమ్ దారిలో ఈ రాత్రికే పెట్టండి.